బందరు రేవు – వృద్ధి క్షయములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



మచిలీపట్టణమునకు జనులు వాడుకగ పిలుచు పేరు బందరు. ఇది పారశీక భాషా పదము. రేవు అని దాని అర్థము. రేవు అను మాటయే ఒక ఊరికి పేరై నిలిచినదనిన, ఒకనాడు తెలుగు తీరమున ఆ రేవుకు గల ప్రసిద్ధి ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. కాలక్రమమున పెద్ద ఓడలు ఆ వైపునకు వచ్చుట మానినవి. పేరు మాత్రము మిగిలినది.

ఇట్లేల జరిగెనని అడిగినచో పలువురు చెప్పు సమాధానము ఒక్కటే: ఉప్పెన. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పొంగి ఊరిని ముంచెననియు, దానితో బందరు ప్రాభవము అంతరించెననియు వారందురు. ఉప్పెన వచ్చుట నిజము. వేలకొలది ప్రాణములు పోవుటయు నిజము. కాని చరిత్రను వరుసగ పరిశీలించినవారికి ఈ సమాధానము చాలదు. ఉప్పెన వచ్చునాటికి ఆ రేవు నూటడెబ్బది సంవత్సరములకు పైగా క్షీణించుచుండెను. సముద్రము కొట్టిన దెబ్బ కడపటిది. అంతకు ముందు తగిలిన దెబ్బలన్నియు భూమి వైపునుండి వచ్చినవి.

ఈ సంగతి తెలియవలెనన్న ముందుగ ఆ తీరమెట్టిదో చూడవలెను. రేవు అనగానే ఓడలు గట్టున ఆని నిలుచు లోతైన నీరు మనస్సునకు తోచును. బందరుకు అట్టి భాగ్యము ఏనాడును లేదు. కృష్ణానది తెచ్చు ఒండ్రు తీరము పొడవున పేరుకొనుటచే అచ్చటి సముద్రము చాల దూరము వరకు లోతు తక్కువ. పెద్ద ఓడలు తీరమునకు సుమారు 5 మైళ్ల దూరముననే లంగరు వేయవలసి యుండెను. సరకులను అచ్చట పడవలలోనికి దించి, అలల మీదుగ నడపి, ఏటి మొగ గుండ పోటు నీటితో ఊరు చేర్చెడివారు. ఈ తీరమున వాడిన మసూలా పడవలకు ఇనుప మేకులుండవు. పలకలను కొబ్బరి పీచు త్రాటితో కుట్టెదరు. అల బలముగ కొట్టినపుడు మేకుల పడవ బద్దలగును. కుట్టుపడవ కొంత వంగి అలతో పాటు లేచును. దక్షిణమున దివిసీమ ముందుకు చొచ్చుకొని యుండుటచే నైరుతి గాలుల ఉద్ధతి ఈ రేవున కొంత తగ్గును. ప్రకృతి చేసిన మేలు ఇంతమాత్రమే. కార్తికమాసపు తుపానులకు అడ్డు ఏమియు లేదు.

ఇట్టి తీరమునకు దేశదేశముల ఓడలు ఏల వచ్చెను? వెనుకనున్న భూమిని చూచి వచ్చెను. ఆ భూమిలోని మగ్గములను చూచి వచ్చెను.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఐగుప్తు దేశమునందలి గ్రీకు నావికుడొకడు సముద్ర మార్గములను గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. పెరిప్లస్ అను పేర ప్రసిద్ధమైన ఆ గ్రంథమున, తూర్పు తీరమందు మసాలియా అను సీమ కలదనియు, అచ్చట సన్నని నూలు వస్త్రములు మిక్కుటముగ తయారగుననియు చెప్పబడినది. తరువాతి శతాబ్దపు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ ఈ సీమను మైసోలియా అని పేర్కొని, కంటకోస్సిల, కొడ్డూర మొదలగు స్థలములను అందు చెప్పెను. మొదటిది ఘంటసాల యనియు, రెండవది బందరు చెంతనున్న గూడూరు అనియు పండితులు గుర్తించిరి. ఘంటసాలలో దొరకిన ప్రాకృత శాసనమున శివకుడను మహానావికుని పేరు కలదు. శాతవాహన రాజుల నాణెములపై రెండు కొయ్యల ఓడ బొమ్మ కనిపించును. ఓడను నాణెముపై ముద్రించిన రాజులకు సముద్ర వ్యాపారము ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును.

ఆ ఘంటసాల నేడు సముద్రపు ఒడ్డున లేదు. పొలముల నడుమ నున్నది. నది తెచ్చిన మన్నుతో భూమి ముందుకు పెరుగుచు వచ్చెను. నీటి వెంట రేవును జరుగుచు వచ్చెను. ఒక రేవు పూడిన మరియొకటి తెరచుకొనెను. రేవులు మారినవి గాని సరకు మారలేదు. గ్రీకు నావికుడు చెప్పిన నూలు వస్త్రములే పదునారు శతాబ్దముల తరువాత బందరు నుండి ఓడలెక్కినవి.

తీరమున రేవు నిలుచుటకు సరకుతో పాటు మరియొకటి కావలెను. అది నమ్మకము. దీనిని తెలుగు రాజులలో స్పష్టముగ గ్రహించినవాడు కాకతి గణపతిదేవుడు. బందరుకు దక్షిణమున, నేటి బాపట్ల జిల్లాలోనున్న మోటుపల్లిలో ఆయన 1244వ సంవత్సర ప్రాంతమున ఒక అభయ శాసనము వేయించెను. పూర్వపు రాజులు గాలివానకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగ గైకొనెడివారు. ప్రాణముకంటె ధనమే మిన్న యని తలచి సముద్రమున దిగిన వర్తకులయందు దయచేత, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కిన సర్వస్వమును విడిచితినని గణపతిదేవుడు ప్రకటించెను. ఆ సుంకము ముప్పదింట ఒక వంతు. గంధము, కర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టు, పగడములు, మిరియములు మొదలగు సరకుల పేర్లు ఆ శిలమీద చెక్కబడినవి. తెలిసిన లెక్క ప్రకారము తెలిసిన సుంకము పుచ్చుకొని, అంతకు మించి ముట్టకుండుట: రాజు వర్తకునకు ఈయదగిన అభయమదే. 1358లో అనవోతారెడ్డి కాలమున కూడ ఆ మోటుపల్లిలోనే వర్తకులకు సౌకర్యములు చూపుచు మరియొక శాసనము వెలసెను. బందరు కథలో ఈ అభయమును గుర్తునందుంచుకొనుట అవసరము.

బందరుకు మహోన్నత దశ గోలకొండ కుతుబ్‌షాహీల కాలమున కలిగెను. 16వ శతాబ్దమున తూర్పు తీరము వారి వశమయ్యెను. లోపలి భూమిలో సంపన్నమైన రాజధాని, తీరమున రేవు, రెంటికిని నడుమ బెజవాడ, కొండపల్లి మీదుగ బండ్ల బాట ఏర్పడెను. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో వజ్రములు దొరకెను. గోలకొండ ప్రభువులకు గుఱ్ఱములు, పారశీక దేశపు వస్తువులు, సుగంధ ద్రవ్యములు కావలసి యుండెను. ప్రభువులు తామే ఓడలు కట్టించి వ్యాపారము చేసిరి. పారశీక దేశమునుండి వజ్ర వ్యాపారమున వచ్చి గోలకొండలో మంత్రి పదవికెక్కిన మీర్‌జుమ్లా 1630ల దశాబ్దమున ఈ రేవునకు అధికారిగ నుండెను. ఆయనకు స్వంత ఓడలుండెను. గోదావరి మీద తేలివచ్చు కలపతో నరసాపురము వద్ద ఓడలు నిర్మించిరి.

ఆ కాలమున బందరు నుండి ఓడలు పెగూ, అరకాను, తెనసెరిం, సుమత్రాలోని ఆచే మొదలగు తూర్పు రేవులకును, పడమట పారశీక ఖాతమునకును, ఎఱ్ఱ సముద్రమునందలి మోఖాకును పోవుచుండెను. మక్కా యాత్రికులు ఇచ్చట ఓడలెక్కెడివారు. తూర్పు దీవులనుండి లవంగము, జాజికాయ, మిరియములు, గంధపు చెక్క వచ్చెను. మలయా దేశమునుండి తగరము, జపానునుండి రాగి, పెగూనుండి కెంపులు, ఏనుగులు వచ్చెను. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే బంగాళాఖాతమునందలి ఓడ నిలుపు స్థలములలో ఇదియే మేలైనదని వ్రాసెను. వారి సంఖ్యను లెక్కింప నక్కరలేదు. ఊరి పేటల పేర్లే సాక్ష్యము పలుకును. వలందులనగా డచ్చివారు, వారున్నచోటు వలందపాలెము. పరాసులనగా ఫ్రెంచివారు, వారున్నచోటు పరాసుపేట. ఇంగ్లీషువారున్నచోటు ఇంగ్లీషుపాలెము. ఆ జాతులు వెళ్లిపోయినవి. పేర్లు పోలేదు.

ఇన్ని దేశములవారిని రప్పించినది ముఖ్యముగ వస్త్రము. తెల్ల నూలుబట్టలును, రంగు బట్టలును, రుమాళ్లును ఇచ్చటినుండి పోయెను. వానిలో మిక్కిలి పేరొందినది కలంకారి. ఈ పని మాటలలో చెప్పినంత సులభము కాదు. బట్టను చలువచేసి, కరక్కాయ రసమును గేదెపాలను కలిపిన నీటిలో తడిపి ఆరవేయుదురు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో ఊరవేసి నలుపు సిద్ధము చేయుదురు. ఎఱ్ఱన రావలసిన చోట పటిక నీటితో అద్ది, తరువాత చిరివేరు వేసి కాచెదరు. పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టును. నీలి మందులో ముంచునపుడు రంగు తగులరాని భాగములను మైనముతో కప్పెదరు. ప్రతి దశయందును పారు నీటిలో ఉతికి ఎండవేయవలెను. ఇన్ని రోజుల శ్రమచే వచ్చిన రంగు ఉతికిన కొలది ప్రకాశించునే గాని వెలిసిపోదు. ఐరోపావారికి అప్పటికి ఈ విద్య తెలియదు.

ఈ ఒక్క బట్ట వెనుక ఎందరున్నారో గమనింపవలెను. నల్లరేగడిలో ప్రత్తి పండించిన రైతు, ఏకు వడికిన స్త్రీ, నేసిన సాలెవాడు, ఉతికిన చాకలి, అద్దిన అద్దకపువాడు, ఇసుక నేలలలో చిరివేరు త్రవ్విన కూలి, మూటలు మోసిన బండివాడు, బయానా ఇచ్చి బట్ట తెచ్చిన కోమటి, పడవ నడపిన పల్లెవాడు. డచ్చివారు నీలిమందు కొరకు లోపలి సీమలోని నాగులవంచయందును, బట్టల కొరకు పాలకొల్లునందును కొఠీలు పెట్టుటకు కారణమిదియే. నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెమున ఇంగ్లీషువారు కొఠీ పెట్టిరి. ఆ ఊరి పేరు ఒక జాతి బట్టకే మదపోలం అను పేరై దేశాంతరములలో చెలామణి అయ్యెను. బందరు రేవు ఒక ద్వారము మాత్రమే. ఇల్లు దాని వెనుకనున్న పల్లెలు.

డచ్చివారు 1605లో బందరు చేరి మరుసటి సంవత్సరము గోలకొండ సుల్తానుతో ఒడంబడిక చేసికొనిరి. 1611లో గ్లోబ్ అను ఓడలో పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథూనిస్ అనువారు వచ్చి ఇంగ్లీషు వర్తకమునకు ఇచ్చట నాంది పలికిరి. 1669లో ఫ్రెంచివారు కొఠీ పెట్టిరి. చూచువారికి ఇది వృద్ధి యనియే తోచును. కాని ఈ వృద్ధిలోనే క్షయమునకు బీజములు పడినవి.

మొదటి బీజము రేవును పాలించిన పద్ధతి. గోలకొండ ప్రభుత్వము రేవుల రాబడిని, సీమల శిస్తును ఇజారాకు ఇచ్చుచుండెను. ఎక్కువ పాడినవానికి అధికారము. వాడు రాజునకు చెల్లింపవలసిన సొమ్మును, తన లాభమును గడువులోపల రాబట్టుకొనవలెను. గడువు తీరిన తరువాత ఊరేమైనను వానికి పట్టదు. 1618 మొదలు 1622 వరకు బందరులోనున్న ఇంగ్లీషు వర్తకుడు మెథ్వోల్డ్ ఈ ఇజారాల సంగతిని తన రచనలో వివరించెను. పైన ఉన్నవాడు క్రిందివానిని పిండగా, చివరి భారము సాలెవాని మీదను రైతు మీదను పడెను. గణపతిదేవుని శాసనమునకును ఈ పద్ధతికిని గల అంతరము చూడదగినది. అచ్చట సుంకము శిలమీద నుండెను. ఇచ్చట అది ఇజారాదారుని అవసరములో నుండెను.

అధికారులు తామే వ్యాపారము చేయుచు, సరకులను అప్పుగ తీసికొని సొమ్ము ఈయక జాప్యము చేసెడివారు. 1614లో ఇట్టి బాకీ రాబట్టుటకై ఫ్లోరిస్ బృందమువారు రేవు అధికారి కుమారుని పట్టి ఓడలో నిర్బంధించి, సొమ్ము ముట్టిన తరువాతనే విడిచిరి. ఇది న్యాయమార్గము కాదు. కాని న్యాయము దొరకని చోట బలవంతుడు బలమునే వాడునని ఈ ఉదంతము తెలుపుచున్నది. ఓడయు ఫిరంగియు గలవాడు బాకీ రాబట్టుకొనెను. ఏమియు లేని సాలెవాడు ఏమి చేయగలడు?

1628లో ఇంగ్లీషువారు అధికారుల బాధపడలేక బందరు విడిచి దక్షిణమున దుర్గరాజపట్టణమునకు పోయిరి. అచ్చట తగినంత బట్ట దొరకలేదు. తిరిగి వచ్చిరి. రేవు ఎంత బాధించినను దాని వెనుకనున్న మగ్గములు వారిని మరల రప్పించినవి. 1632లో సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వారికి బంగారు ఫర్మానా అనబడు పత్రము నొసగెను. ఏటేట 500 వరహాలు చెల్లించి గోలకొండ రేవులన్నిటను స్వేచ్ఛగ వ్యాపారము చేయవచ్చునని దాని సారము. పరాయివారికి అభయము దొరకెను. ఈ దేశపు వర్తకునకు, నేతగానికి అట్టి పత్రము దొరకలేదు. అదే కాలమున వచ్చిన మహాక్షామము నేతపల్లెలను మరింత బాధించెను.

రెండవ బీజము చెన్నపట్టణము. 1639లో ఇంగ్లీషువారు అచ్చట స్థలము సంపాదించి కోట కట్టుకొనిరి. 1641లో ఈ తీరమునందలి తమ ముఖ్య స్థానమును బందరునుండి అచ్చటికి మార్చిరి. చెన్నపట్టణమునకు మాత్రము మంచి రేవున్నదా? లేదు. అదియు అలలు విరుగు ఇసుక తీరమే. అచ్చటను మసూలా పడవలే దిక్కు. కనుక మంచి రేవును వెదకి వారు పోలేదు. సుంకమును, న్యాయమును, కావలిని తమ చేతిలో నుంచుకొనగల చోటునకు పోయిరి. వర్తకులు, నేతగాండ్రు క్రమముగ ఆ కోట నీడకు చేరిరి. సముద్రము రెండు చోట్లను ఒక్కటే. తేడా భూమిమీద నుండెను.

మూడవ దెబ్బ అన్నిటికంటె పెద్దది. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించెను. దానికి ముందటి సంవత్సరమే డచ్చివారు సుల్తానుతో కలహించి బందరును కొంతకాలము ఆక్రమించి యుండిరి. గోలకొండ పడుటతో బందరును పోషించిన రాజధాని పోయెను. ఓడలు కట్టించిన ప్రభువులు, పారశీక వస్తువులు కొన్న ఆస్థానము, వజ్రములు బేరమాడిన వర్తకులు చెదరిపోయిరి. బండ్ల బాట మీద భయము హెచ్చెను. రేవునకు చెట్టువలె వేరు భూమిలో నుండును. ఆ వేరు తెగిన నాడు కొమ్మలు వెంటనే వాడలేదు గాని, చిగురు మరల రాలేదు.

ఐరోపాలో కూడ గాలి మారెను. అచ్చటి నేతగాండ్రు తమ బ్రతుకు పోవుచున్నదని మొరపెట్టగా, ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను అద్దకపు బట్టలను నిషేధించినవి. 1721లో ఇంగ్లండు ఆ శాసనమును మరింత బిగించెను. తమ సాలెవారిని కాపాడుటకు ఆ రాజ్యములు చట్టములు చేసినవి. బందరు సాలెవానిని కాపాడుటకు చట్టము చేయువాడు లేకపోయెను.

18వ శతాబ్దమున బందరు వర్తకుల పట్టణముగ కాక సైనికుల కోటగ వినబడును. 1750లో అది ఫ్రెంచివారి వశమయ్యెను. 1758లో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారిని ఓడించిన కర్నల్ ఫోర్డు, 1759 ఏప్రిలులో ఒక రాత్రి బందరు కోటను ముట్టడించి పట్టుకొనెను. 1766 నాటికి ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించెను. కొనువాడే పాలకుడయ్యెను. మునుపు డచ్చివాడు, ఫ్రెంచివాడు, ఇంగ్లీషువాడు, పారశీకుడు ఒకే బట్టకు పోటీపడి ధర చెప్పెడివారు. ఇప్పుడు బయానా పుచ్చుకొన్న సాలెవాడు కంపెనీకి తప్ప మరియొకనికి నేయరాదు; ధర కంపెనీ చెప్పినదే. పోటీ పోయిన చోట బేరము పోవును.

19వ శతాబ్దమున యంత్రముల నూలు, యంత్రముల బట్ట వచ్చెను. 1813లో కంపెనీ గుత్తాధికారము తొలగగా లంకాషైరు బట్ట ధారాళముగ దిగుమతి యయ్యెను. 1833 నాటి చట్టముతో కంపెనీ వర్తకమే నిలిచిపోయి, దాని కొనుగోళ్లపై బ్రతుకుచున్న మగ్గములు ఆగెను. అదే కాలమున 1832, 1833 సంవత్సరములలో నందన కరువు వచ్చి గుంటూరు, బందరు సీమలను శ్మశానప్రాయము గావించెను. పారశీకమునకు అద్దకపు బట్టలు కొంత పోవుచుండెను గాని, రేవును నిలుపుటకు అది చాలదు. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియై డెల్టా పచ్చబడెను. సేద్యము పెరిగెను, అన్నము దొరకెను. కాని ఓడలు మరల రాలేదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై ప్రత్తికి గిరాకి వచ్చినపుడు ఆ వ్యాపారము కాకినాడను పెంచెను.

ఇట్లు ఒక్కొక్క దెబ్బ తగిలిన పిమ్మట 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చెను. తుపాను వెంట లేచిన ఉప్పెన సాధారణమైన పోటు మట్టముకంటె 13 అడుగులు ఎత్తున తీరమును దాటి, కొన్ని చోట్ల 17 మైళ్ల వరకు లోపలికి పోయెను. సుమారు 30,000 మంది మరణించిరి. చీకటిలో నీరు ఎటునుండి వచ్చుచున్నదో తెలియక ఇండ్లలోనే మునిగినవారు ఎందరో. ఉప్పునీరు చెరువులలో చేరుటచే బ్రతికినవారికి త్రాగునీరు కరవయ్యెను. ఈ దుఃఖమును తక్కువ చేసి చెప్పుట తగదు. ఆ సీమ 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనతో అట్టి దుఃఖమునే మరల చవిచూచెను.

అయినను ఒక ప్రశ్న అడుగవలెను. తుపానులు ఈ తీరమునకు క్రొత్తవి కావు. వృద్ధిలోనున్న రేవు తుపానుకు కూలినచో జనులు మరల కట్టుకొందురు. వర్తకుడు తిరిగి వచ్చును. రాజు సొమ్ము ఇచ్చును. 1864 తరువాత బందరు రేవును ఎవ్వరును మరల కట్టలేదు. కట్టవలసిన అవసరము ఎవ్వరికిని కనిపించలేదు. దండు కూడ ఊరు విడిచిపోయెను. ఉప్పెన ఇండ్లను కూల్చెను గాని, రేవు అప్పటికే వట్టిదై యుండెను. తరువాత 1908లో రైలు వచ్చెను; ఆ రైలు సరకులను బందరుకు తెచ్చుటకంటె బందరునుండి లోపలికి కొనిపోవుటకే ఎక్కువ పనికివచ్చెను. 1933లో విశాఖపట్టణమున లోతైన రేవు తెరువబడెను.

రేవు పోయినను ఊరు చచ్చిపోలేదు. 1902లో కృష్ణాపత్రిక ఇచ్చట వెలసెను. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున తెలుగునాడంతట చదువబడెను. 1910లో కోపల్లె హనుమంతరావుగారి కృషిచే ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపితమయ్యెను. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఇచ్చటనే ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 2020 వరకు ఆ పేరుతో నడచెను. కలంకారి అద్దకము పెడన మొదలగు ఊళ్లలో కొయ్య అచ్చులతో నేటికిని సాగుచున్నది. రెండువేల యేండ్ల సరకులో మిగిలిన పోగు అది.

2023 మే 22న మంగినపూడి సమీపమున క్రొత్త రేవు నిర్మాణమునకు పనులారంభమైనవి. సముద్రగర్భమును త్రవ్వి లోతు చేయుట, రాళ్లతో అలలకు అడ్డుకట్ట వేయుట నేటి శాస్త్రమునకు సాధ్యమే. గణపతిదేవునికి గాని కుతుబ్‌షాహీలకు గాని ఆ సామర్థ్యము లేదు. అయినను వారి కాలమున లోతులేని నీటికి ఓడలు వచ్చినవి. కనుక లోతు ఒక్కటే చాలదని బందరు చరిత్ర చెప్పుచున్నది. ఆ రేవునుండి ఓడలెక్కుటకు ఈ పల్లెలలో తయారగు సరకేది? ఆ సరకు తయారుచేయువానికి న్యాయమైన వెల దొరకునా? సుంకము, కిరాయి, బాడుగ మున్ముందుగనే తెలిసి యుండునా? నేల ఇచ్చినవారికి, వల వేయువారికి అందులో పాలెంత? తుపాను వచ్చిన రాత్రి జనులు తలదాచుకొను మేడలెన్ని? ఈ ప్రశ్నలు ఇంజనీర్లు మాత్రమే సమాధానము చెప్పవలసినవి కావు. తీరసీమలోని ప్రతి పంచాయతీ, ప్రతి గ్రంథాలయము అడుగవలసినవి.

బందరు కోటలో నేటికిని పాత కట్టడముల గోడలు నిలిచియున్నవి. ఊరిలో డచ్చివారి శ్మశానమున లాటిను అక్షరములు చెక్కిన సమాధులున్నవి. ఈ తీరమున బట్టలు కొని ధనము గడించి, ఇచ్చటి మట్టిలోనే కలిసిన వర్తకుల పేర్లు ఆ రాళ్లపై చదువవచ్చును. ఆ బట్టలు నేసినవారి పేర్లు ఏ రాతిమీదను లేవు. గ్రంథాలయమునకు వచ్చి చదువుకొను పిల్లలలో ఆ నేతగాండ్ర సంతతివారున్నారు. చిరివేరు త్రవ్విన కూలీల, పడవలు నడపిన పల్లెవారి సంతతివారున్నారు. తమ తాతలు చేసిన బట్ట కొరకు ప్రపంచపు ఓడలు ఒకప్పుడు బురద తీరమునకు వచ్చి 5 మైళ్ల దూరమున వేచియుండెనని వారికి తెలియవలెను. అది ఏల ఆగిపోయెనో కూడ తెలియవలెను.